సన్యాసమ్మ మెయిలు పెట్టె నిండిపోయింది

గుల్లపాడులో తాటాకు బుట్టలు అల్లే బంగారమ్మ ఇంట్లో నలుగురు మనుషులు. నలుగురికీ తెలివి ఎక్కువ. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ అనేవారు కాదు కాబట్టి వాళ్ళే అనుకునేవారు. "ఎవరేం చెప్పినా మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదేనర్రా" అనేది బంగారమ్మ. పెద్దకొడుకు అప్పలకొండ, చిన్నకొడుకు దాలయ్య అవునవునని తలూపేవారు. అందరికంటే గట్టిగా ఊపేది పెద్దకోడలు సన్యాసమ్మ. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆమె చేతిలోనే ఉండేది.

అంత తెలివి ఉన్నా ఆ ఏడాది బుట్టలు మాత్రం అమ్ముడవలేదు. "ఈ పెళ్ళిళ్ళకి పెద్ద బేరం తగలకపోతే నేను రొయ్యల చెరువుల మీద కాపలాకి పోతాను" అనేశాడు అప్పలకొండ. ఆ చెరువులు ఎక్కడో భీమవరం అవతల. పోయినవాడు ఏడాదికి గానీ రాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి సన్యాసమ్మకి ముద్ద దిగలేదు. ఎలాగైనా బేరం తేవాలి, మొగుణ్ణి ఆపుకోవాలి అని ఒకటే పట్టుదల.

టౌనులో మహిళా సంఘాల వాళ్ళకి ట్రైనింగు పెడితే పరిగెత్తింది. అక్కడ మేడం ఫోనులో అన్నీ తెలుగులో కనబడేటట్టు పెట్టి, "పరిచయాలు ఎంత పెరిగితే బేరాలు అంత పెరుగుతాయి. ఆన్‌లైన్‌లో గ్రూపులు బోలెడున్నాయి. కనబడినదాంట్లో చేరిపోండి" అంది.

అంతే. సన్యాసమ్మ కనబడినదాంట్లో కనబడినట్టు చేరిపోయింది. చేతివృత్తుల గ్రూపులో చేరి బుట్టల ఫోటో, ఫోను నంబరు పెట్టింది. పళ్ళ డాక్టర్ల గ్రూపులో చేరింది. బెంగుళూరు కుక్కలు పెంచేవాళ్ళ గ్రూపులో చేరింది. రిటైరైన రైల్వే ఇంజనీర్ల గ్రూపులో కూడా చేరింది.

"ఒలే, నువ్వు రైలెప్పుడైనా ఎక్కావేటే?" అన్నాడు అప్పలకొండ.

"చేరమన్నారు గానీ ఎక్కమన్నారా మావా?" అంది సన్యాసమ్మ. నిజమే కదా అని అతను తలూపాడు.

ఇంకేముంది, మెయిళ్ళు వచ్చి పడ్డాయి. 'ఈ వారం మీ ప్రొఫైల్‌ను తొంభై మంది చూశారు' అని ఒకటి.

"ఒలమ్మో, తొంభై మంది కళ్ళే!" అని బంగారమ్మ గుండెలు బాదుకుంది. గుప్పెడు ఉప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి కోడలికి దిష్టి తీసింది. వాళ్ళు చూసింది ఫోనులో కదా అని ఫోనుకీ తీసింది. రెండు గుప్పెళ్ళూ పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకి నలుగురూ దగ్గుకుంటూ, కళ్ళు నులుముకుంటూ వీధిలోకి పరిగెత్తారు. మర్నాడు ఇంకో మెయిలు. 'నిన్న ఇంకా ఎక్కువమంది చూశారు.'

"అలా వీధిన పడి దగ్గితే చూడరేటి మరి!" అన్నాడు దాలయ్య.

ఆ మర్నాడు 'చాలామంది మీ కోసం ఎదురుచూస్తున్నారు' అని వచ్చింది. పాపం ఎండలో నిలబడి ఉంటారని దాలయ్య మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని బస్టాపుకి పోయాడు. ఎవరూ లేరు. సాయంత్రం దాకా కూర్చుని కుండెడు మజ్జిగా తనే తాగి, జలుబుతో తిరిగొచ్చాడు.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి కస్తూరి గారని ఒకావిడ ఫోను చేసింది. పెళ్ళిళ్ళకి కానుకల బుట్టలు సప్లై చేస్తుందట. "మీ బుట్టల ఫోటో గ్రూపులో చూశానమ్మా. నాకు బాగా నచ్చాయి. పెద్ద పెళ్ళి ఉంది. వివరాలన్నీ మెయిలు పెడతాను, చూసి సాయంత్రంలోగా ఒప్పుకున్నామని జవాబివ్వండి" అంది.

సన్యాసమ్మ ఎగిరి గంతేసింది. "చెరువులూ లేవు, గిరువులూ లేవు మావా! ఇంట్లోనే ఉందువుగాని!" అని ఫోను తెరిచింది. తెరిస్తే ఏముంది? 'మీ పెట్టె నిండిపోయింది. ఖాళీ చేస్తేనే కొత్త మెయిళ్ళు వస్తాయి.'

"ఇంతేనా? పెట్టె ఖాళీ చెయ్యడం నాకు రాదేటి?" అని అప్పలకొండ చాప పరిచి, ఫోనుని తలకిందులుగా పట్టుకుని చింతపండు బస్తా దులిపినట్టు దులిపాడు. ఒక్క మెయిలూ రాల్లేదు. వీపు మీద రెండు తట్టాడు. ఊహూఁ. "అడుగున ఉన్నవి అతుక్కుపోయుంటాయి. కాస్త ఎండలో పెడదాం" అన్నాడు దాలయ్య. ఎండలో పెడితే ఫోను సలసల కాగింది గానీ పెట్టె ఖాళీ కాలేదు.

చివరికి సన్యాసమ్మ ఏడుపుమొహంతో జిరాక్సు కొట్టుకి పోతే, అక్కడి అబ్బులు ఎక్కడ నొక్కాలో చూపించాడు. "వచ్చినవన్నీ చెరిపెయ్యి వదినా. ఆ గ్రూపుల్లోంచి బయటికొచ్చెయ్యి. లేకపోతే మళ్ళీ నిండిపోద్ది" అన్నాడు.

ఇంటికొచ్చి నొక్కింది. పళ్ళ డాక్టర్లు అడిగారు: 'మీరు వెళ్ళిపోతున్నందుకు బాధగా ఉంది. వెళ్ళేముందు ఒక మాట చెబుతారా?'

"అయ్యో, బాధపడుతున్నారత్తా!" అని సన్యాసమ్మ ముక్కు చీదింది.

"చెప్పకుండా పోతే బాధపడరేటి? అలాగని వెళ్ళిపోతున్నామని అనకు. అశుభం. వెళ్ళొస్తామని చెప్పు" అంది బంగారమ్మ.

అందరికీ పేరుపేరునా 'వెళ్ళొస్తాం' అని రాసింది. డాక్టర్లకి, ఇంజనీర్లకి, కుక్కలవాళ్ళకి కూడా. అన్ని మెయిళ్ళూ చెరిపేసింది. పెట్టె తోమిన గిన్నెలా అయింది. ఇక కస్తూరి గారి మెయిలు రావడమే తరువాయి. అప్పుడు దాలయ్య తల గోక్కున్నాడు.

"మరి ఎప్పుడొస్తాం వదినా?"

"ఎక్కడికి?"

"వెళ్ళొస్తామన్నాం కదా! రాకపోతే మాట తప్పినట్టు కాదేటి?"

నలుగురూ నెత్తి కొట్టుకున్నారు. అంతే, సన్యాసమ్మ ఒక్కటి వదలకుండా అన్ని గ్రూపుల్లోనూ మళ్ళీ చేరింది. 'మీరు తిరిగి వచ్చినందుకు ఎంతో సంతోషం' అని అందరూ మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టారు. "ఎంత ప్రేమో చూడు" అని బంగారమ్మ కళ్ళు తుడుచుకుంది. పొద్దుగూకేసరికి పెట్టె మళ్ళీ నిండిపోయింది.

కానీ సన్యాసమ్మ అదృష్టం బాగుంది. కస్తూరి గారికి ఆ బుట్టల మీద మనసు పడింది. "మెయిలు పెడితే తిరిగొచ్చేస్తోందమ్మా" అంటూ మర్నాడు కారేసుకుని తనే వచ్చేసింది. మంచమ్మీద కూర్చుని బుట్ట ఎంత ఉండాలో, ఎప్పటికి కావాలో అన్నీ చెప్పింది. నలుగురూ ఒక్క గొంతుతో "ఒప్పుకున్నాం!" అని అరిచారు. ఆవిడ నవ్వి, మంచినీళ్ళు తాగి, "వెళ్ళొస్తానమ్మా" అని కారెక్కింది.

అప్పలకొండ చెరువులకి పోదామని కట్టుకున్న మూట తీసి అటకమీద పడేశాడు. సన్యాసమ్మ ఆనందం పట్టలేక ఆకు నానబెట్టి కత్తి అందుకుంది. బంగారమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏటే ఆ తొందర? ఆవిడ వెళ్ళొస్తానంది కదా. మనిషి వచ్చేసరికి పనిలో తలకాయ పెట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటాది?"

"బుట్టలు కావాలంది కదత్తా..."

"మనిషి ముందా, బుట్ట ముందా?"

"మనిషే" అని ఒప్పుకుంది సన్యాసమ్మ. నలుగురూ చేతులు కడుక్కుని అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఆవిడకని వండిన అన్నం పొద్దున చద్ది చేసుకుని తిన్నారు. మళ్ళీ వండారు. మళ్ళీ కూర్చున్నారు. నానబెట్టిన ఆకు కుళ్ళింది, ఆరబెట్టింది ఎగిరిపోయింది. అయినా ఎవరూ అరుగు దిగలేదు.

పెళ్ళి ఇంక రెండు రోజులుందనగా వీధి మలుపులో కారు కనబడింది. వెనకాలే బుట్టలెక్కించుకోవడానికి పెద్ద వ్యాను. సన్యాసమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "చూశావా అత్తా! వచ్చింది. మాట మీద నిలబడే మనిషి!"

"బుట్టలేవమ్మా?" అంది కస్తూరి గారు.

"ఇప్పుడే కదా వచ్చారు. ఇంక మొదలెడతాం" అంది సన్యాసమ్మ.

ఆ తరవాత ఆవిడ తిట్టిన తిట్లకి వీధిలో కుక్కలు కూడా పక్క వీధికి పోయాయి. ఖాళీ వ్యాను ఖాళీగానే తిరిగిపోయింది. "వెళ్ళొస్తానని ఒక్క మాటన్నా అనలేదు. మర్యాద తెలీని మనిషి!" అని బంగారమ్మ మూతి తిప్పింది.

అటక మీద మూట మళ్ళీ కిందికొచ్చింది. సన్యాసమ్మ గుమ్మం పట్టుకుని భోరుమంది. "ఉండిపో మావా!"

"బేరం పోతే పోతానని మాటన్నాను కదే" అన్నాడు అప్పలకొండ. మూట నెత్తినెత్తుకుని, "వెళ్ళొస్తానే" అని వెనక్కి చూడకుండా బస్టాపు వైపు నడిచాడు. సన్యాసమ్మ తలుపేసుకుని చాప మీద పడి ఏడ్చింది. చెంపలు ఇంకా తడి ఆరకముందే ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఎదురుగా మూటతో అప్పలకొండ!

"బస్సు రాలేదా మావా?"

"ఎందుకు రాలేదు? వచ్చింది. కానీ వెళ్ళొస్తానని నీకు చెప్పాను కదే. వెళ్ళాను, వచ్చాను. పోతానన్న మాట కూడా ఉంది కాబట్టి రేపు మళ్ళీ పోవాలి."

ఇప్పటికీ రోజూ పొద్దున్నే అప్పలకొండ మూట నెత్తినెత్తుకుని బస్టాపు దాకా వెళ్ళి, బస్సు పోగానే చద్దన్నం వేళకి ఇంటికొస్తాడు. ఎవరైనా అడిగితే సన్యాసమ్మ కొంగు సర్దుకుని గర్వంగా చెబుతుంది: "మా ఆయన రొయ్యల చెరువుల మీద కాపలాకి పోతన్నాడు. దేవుడి దయవల్ల రోజూ ఇంటికొచ్చే ఉద్యోగం!"