మోగని మువ్వ

గంధగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే వీరనరేంద్రుడికి యుద్ధాల కన్నా గంటల మీద మక్కువ ఎక్కువ. ఏనుగుల మెడగంటలు, పూజగంటలు, రథాలకు కట్టే చిరుగంటలు, దూరదేశపు ఓడల మీది గంటలు అన్నీ పోగుచేసి ఒక పెద్ద మండపం నిండా వేలాడదీశాడు. గాలి గట్టిగా వీచిందంటే మండపమంతా ఒక్కసారిగా మోగేది. లోపలున్నవాళ్ళు తెలియకుండానే చేతులు జోడించేవారు.

రాజుగారి సరదా జనానికీ అంటుకుంది. ఏటా మాఘమాసంలో గంటలు కూడబెట్టే వాళ్ళంతా ఆ మండపంలో చేరి, ఒకరి గంట ఒకరికిచ్చి మార్చుకునేవారు. రాజు కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాక ఆ ముచ్చటకు ఒక చట్టం వచ్చిపడింది.

"అడిగిన గంటకు రెండింతల తూకం ఇస్తే, ఎవరైనా సరే ఇచ్చి తీరాలి. ఇంతకన్నా న్యాయం లోకంలో ఉందా?" అని రాజు మీసం దువ్వాడు.

బరువైన గంటలన్నీ రాజు దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఆయన అడిగిందల్లా ఆయనదే అయ్యేది. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక ఏడు గవరయ్య అనే ఆలకాపరి నాలుగు చిన్న గంటలు మార్చుకుందామని వచ్చాడు. అతని మొలకు సొట్టలు పడ్డ పాతగంట ఒకటి వేలాడుతోంది. రాజు చూపు దాని మీద పడింది.

"అదేదీ, మోగించు."

"ఇది మార్చుకునేది కాదు దొరా" అంటూనే గవరయ్య దాన్ని మెల్లగా కదిపాడు.

పెద్ద మోతేమీ కాదు. కాని ఆ నాదం మెత్తగా, లోతుగా మండపమంతా పరుచుకుంది. కోట బయట వీధిలో పోతున్న పశువులు ఉన్నచోటనే ఆగి, అన్నీ ఇటువైపు తల తిప్పాయి. రాజు ముందుకు వంగి, "ఇది మాకు కావాలి" అన్నాడు.

గవరయ్య గంటను గుండెకు హత్తుకున్నాడు. "ఇది మా ఆవు గౌరిది దొరా. ఏటికి వరదొచ్చి దారి తెలీనప్పుడు, ఈ చప్పుడు వెంటబడే నా పెళ్ళాంబిడ్డలు గట్టెక్కారు. గౌరి మాత్రం నీళ్ళలో పోయింది. తాడు తెగి ఇదొక్కటే చేతికి చిక్కింది."

"రెండింతలు కాదు, పదింతల కంచు ఇస్తాం."

"కంచేం చేసుకోను దొరా?"

"చట్టం చట్టమే. రేపు తూకం" అని రాజు లేచిపోయాడు.

ఆస్థానంలో లింగాభట్టు అనే చమత్కారి ఉన్నాడు. అతను ఇదంతా చూసి, బయటికి నడిచాడు.

మర్నాడు గవరయ్య గంటను తక్కెడలో పెట్టబోతుండగా, ఎడ్లబండి ఒకటి కిర్రుకిర్రుమంటూ మండపం ముందుకు వచ్చింది. దాని మీద దుంగల చట్రానికి కట్టిన మహాఘంట! ఒక మనిషి దానిలో దూరితే తల కూడా కనబడదు. పక్కనే లింగాభట్టు నిలబడి ఉన్నాడు. అతను ఘంట నాలుకను లాగి వదిలాడు.

ఘుమ్మని నాదం లేచింది. స్తంభాలు కంపించాయి. పావురాలన్నీ ఆకాశానికి ఎగిరాయి. సముద్రం దగ్గరికొచ్చి ఊపిరి తీసుకున్నట్టుంది జనానికి. రాజు గద్దె దిగి వచ్చి దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగాడు.

"భట్టూ! ఇది మాకిస్తావా? బదులేం కావాలి?"

"చిన్నదే ప్రభూ. మీ హారాల కింద నల్లతాడుకు ఒక మువ్వ ఉంటుంది. అది ఇప్పించండి."

రాజు చెయ్యి చప్పున రొమ్ము మీదికి పోయింది. "అది మోగదయ్యా! లోపలి గుండు ఎప్పుడో పడిపోయింది."

"మోగనిదాని కోసం ఇంత ఘంట ఇస్తున్నాను. మీకే లాభం."

"ఇవ్వను!"

"రెండింతలు కాదు ప్రభూ, వెయ్యింతల తూకం. చట్టం..."

"చట్టం లేదు, గిట్టం లేదు!" రాజు అరిచాడు. "నేను తొలి అడుగు వేసిననాడు మా అమ్మ నా కాలికి కట్టిన మువ్వ ఇది! మీ అందరికీ మోగకపోతే పోయింది. నాకు వినబడుతుంది. దీన్ని కంచుతో తూచడానికి నీకు నోరెలా..."

అంతటితో ఆగిపోయాడు. తక్కెడ పక్కన గంట పట్టుకుని నిలబడ్డ గవరయ్య కనబడ్డాడు.

కిరీటం పెట్టుకున్న ఆ మనిషిలో ఒక తల్లి బిడ్డను మండపంలోని జనం చూడటం అదే మొదటిసారి.

లింగాభట్టు మెల్లగా అన్నాడు: "తక్కెడ అబద్ధం చెప్పదు ప్రభూ. కాని దానికి తెలిసింది కంచు బరువొక్కటే. మిగతాది గంట గలవాణ్ణే అడగాలి."

రాజు గవరయ్య దగ్గరికి వెళ్ళి, ఆ గంటను తన చేత్తో అతని మొలకు కట్టాడు. "ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా సరే" అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి, "ఇకమీదట ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ సంతోషంగా ఇంటికి వెళ్తేనే మార్పిడి. ఒకడు కాదంటే కాదే!" అని చాటాడు.

అంతలో ఏదో అనుమానం వచ్చి, "భట్టూ, నేను సరేనని మువ్వ ఇచ్చేసి ఉంటే?" అన్నాడు.

"నా పని అయిపోయేది ప్రభూ! ఈ ఘంట నాది కాదు, కొండమీది మఠానిది. సాయంత్రం హారతి వేళకు తెచ్చేస్తానని స్వాములవారి కాళ్ళు పట్టుకుని తెచ్చాను."

రాజు పగలబడి నవ్వాడు. ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ నవ్వాడు. "ఏం కావాలో కోరుకో!"

"ఒక ఏనుగు, ప్రభూ. దిగేటప్పుడు కొండే తోసింది. ఎక్కేటప్పుడు తొయ్యదు కదా!"

"ఇచ్చాం. తర్వాత కూడా నువ్వే ఉంచుకో."

"అయ్యో, దాని మేతకు నేనెక్కడ చచ్చేది?"

"మేతకు మాన్యం కూడా ఇచ్చాం, పో!"

ఆ సాయంత్రం పట్టపుటేనుగు బండిని లాగుతుంటే, ఆ ఏనుగు మీదే లింగాభట్టు కూర్చుని కొండెక్కాడు. మలుపు మలుపుకీ ఘంట ఒకసారి ఘుమ్మనేది. కింద ఊరంతా చేతిలో పని వదిలేసి, ఎండ పచ్చగా పడిన ఆ కొండ వైపే చూస్తూ నిలబడిపోయింది.