తంతి తీగకి ఊయల

రైలింకా రాలేదు గానీ, కబుర్లు మోసే తంతి తీగ మాత్రం గేదెలవలస పొలాల మీదుగా వచ్చేసిన రోజులవి. ఆ ఊళ్ళో అప్పలసూరి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఈ మాట ఊరు అనలేదు, అప్పలసూరే అనేవాడు. రుజువు కావాలంటే వీధి తలుపు చూపించేవాడు. గడియ బయటివైపు ఉంటుంది.

"దొంగోడు లోపలికొస్తాడు సరే, మరి బయటికెలాగెళ్తాడు?" అని కళ్ళెగరేసేవాడు. పొద్దుగూకగానే పక్కింటి ఎర్రయ్య వచ్చి ఆ గడియ పెట్టి పోతాడు, తెల్లారి వచ్చి తీస్తాడు. ఏళ్ళ తరబడి అదే అలవాటు.

అంతటి తెలివిని తంతి ఇనస్పెక్టరు కూర్మారావు పంతులు ఊరికే వదులుతాడా? అప్పలసూరిని తీగకి కాపలా పెట్టి, ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ తగిలించాడు.

"ఈ తీగని కన్నబిడ్డలా చూసుకోవాలి, తెలిసిందా? దానికేమైనా అయిందో, బిళ్ళ పీకేస్తాను" అని చెప్పి బండెక్కి పోయాడు.

అప్పలసూరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళై పన్నెండేళ్ళైనా ఆ ఇంట్లో ఊయల కట్టలేదు. ఆ బెంగ పైకి అనేవాడు కాదు గానీ, లోపల ఉండేది. ఇప్పుడు సర్కారే పిలిచి బిడ్డనిచ్చింది, బిళ్ళతో సహా. ఒక్క పరుగున ఇంటికెళ్ళి పెళ్ళాం పైడమ్మకి చెప్పాడు.

"ఓలే, మనకి బిడ్డొచ్చినాదే! పొలం గట్టు మీదుంది."

"ఆడపిల్లా, మగపిల్లోడా?"

"సన్నంగా, పొడుగ్గా ఉంది. ఆడపిల్లే అయ్యుంటాది."

పైడమ్మ తమ్ముడు కన్నయ్య అక్కడే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "మరి నీళ్ళోసినారా బావా?" అన్నాడు.

అంతే. ముగ్గురూ నిచ్చెన మోసుకుని బయల్దేరారు. గట్టు మీద తీగ మోసే స్తంభానికి కాటుకతో దిష్టిచుక్క పెట్టారు. నెత్తిన ఆముదం పోసి, నలుగు పెట్టి, కుండలతో నీళ్ళు పోశారు. నీళ్ళు పోశాక సాంబ్రాణి వెయ్యకపోతే బిడ్డకి జలుబు చెయ్యదూ? స్తంభం మొదట్లో నిప్పులు పోసి పిడికెడు సాంబ్రాణి చల్లారు. స్తంభానికేమో తారు పూత, దాని మీద ఆముదం. ఇంకేముంది, భగ్గుమంది.

"ఓలమ్మో, పిల్లకి జొరమొచ్చేసినాది!" అని పైడమ్మ గుండెలు బాదుకుంది.

నీళ్ళు కొట్టి ఆర్పేసరికి స్తంభం సగం కాలి పక్కకి వాలిపోయింది. కన్నయ్య చెయ్యి పెట్టి చూసి, "ఒళ్ళు చల్లబడినాది, భయం నేదు" అన్నాడు.

అంతలో గాలి లేచింది. తీగ గుయ్యిమంది.

"ఏడుస్తోందయ్యా!" అంది పైడమ్మ.

"ఊపితే తొంగుంటాది" అన్నాడు కన్నయ్య.

తీగకి పాత చీర ముడేసి, ఇటొకరు అటొకరు పట్టుకుని, జోల పాడుతూ ఊపారు. కాలిన స్తంభం ఎన్ని ఊపులకి ఆగుతుంది? రెండోదానికే ఫెళ్ళున విరిగింది. తీగ బురదలో పడింది. పైగా వాన మొదలైంది.

అప్పలసూరి ప్రాణం విలవిల్లాడింది. బిళ్ళ సంగతి గుర్తే లేదు. "తడిసిపోతోందే, ఇంటికి తీసుకుపోదాం!" అన్నాడు. ముగ్గురూ కలిసి లాగారు. రాలేదు. రెండువైపులా కోసుల కొద్దీ తీగ ఉంది మరి.

"బొడ్డు కొయ్యకపోతే బిడ్డెలాగొస్తాది బావా?" అన్నాడు కన్నయ్య.

ఎంత తెలివి! కమ్మరి ఇంటి నుంచి ఉలీ సుత్తీ తెచ్చి, అటు కొన్ని దెబ్బలు, ఇటు కొన్ని దెబ్బలు వేశారు. తీగని చుట్ట చుట్టి, బురద తుడిచి, మెత్తటి పాత పంచెలో చుట్టుకుని ఇంటికి తెచ్చారు. పన్నెండేళ్ళ తర్వాత ఆ ఇంటి దూలానికి ఊయల వేలాడింది. అప్పలసూరి దాన్ని చూసుకుంటూ అన్నం కూడా మర్చిపోయాడు.

మూడోనాటి సాయంత్రం కూర్మారావు పంతులు బురద కాళ్ళతో ఇంట్లోకి వచ్చి పడ్డాడు. "తీగ ఏదిరా?"

"ష్... మెల్లిగా బాబూ, ఇప్పుడే తొంగున్నాది" అంది పైడమ్మ.

పంతులు ఊయల్లోకి వంగి చూశాడు. ఇంటికప్పు ఎగిరేలా అరిచాడు. "బిళ్ళ ఇటు తే!"

అప్పలసూరి బిళ్ళ విప్పి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది తీసుకోండి బాబూ. బిడ్డని మాత్రం ఇవ్వనేం."

"ఒరే, దీని మీద వచ్చే కబురు కోసం పట్నంలో పెద్ద దొర మూడు రోజులుగా కూర్చున్నాడురా! ఆయనకేం చెప్పమంటావు?"

"ఏడాది ఆగమనండి బాబూ. పిల్లకింకా మాటలు రానేదు."

పంతులు తల పట్టుకుని, పోదామని తలుపు లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. పొద్దుగూకింది కదా, ఎర్రయ్య తన పని తాను చేసి పోయాడు.

బిళ్ళ లేకపోయినా అప్పలసూరి ఛాతీ ఉబ్బింది. "చూసినారా మా గడియ! పిల్లనెత్తుకుపోదామని ఎవడొచ్చినా ఇంతే."

పైడమ్మ ఊయల పక్కన పీట వేసింది. "అరిచి పిల్లని లేపేసినారు. తెల్లారేదాకా ఎలాగూ ఉంటారు గదా, ఆ తాడు కాస్త అందుకోండి బాబూ."

పంతులు కాసేపు తలుపు బాదాడు. ఆనక చేసేదేం లేక పీట మీద కూర్చుని తాడు అందుకున్నాడు.