మోకు లేని అవతారం

అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పడం వకుళాదేవి గారి ఒంటికి పడదు. మెదడు గురించి జీవితమంతా పరిశోధించిన మనిషి. శిష్యులు ఏదైనా అడిగితే మాత్రం "పద, చూద్దాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తారు.

హనుమకొండలో ఆమె నడిపే వైద్యకేంద్రంలో శ్రీకర్ అని ఒక శిష్యుడు ఉండేవాడు. కాళ్లు చచ్చుబడినవాళ్లకు వీఆర్ కళ్లజోడు తగిలించి, అందులో నడవగలిగే బొమ్మ ఒంటిని చూపించడం అతని పని. రోగి కాలు కదపాలనుకుంటే తొడకు అంటించిన తీగలు ఆ చిన్న అదురును పసిగడతాయి, బొమ్మ కాలు లేస్తుంది. రోగి పాదాన్ని కుంచెతో నిమిరితే అదే క్షణాన బొమ్మ పాదం మీదా కుంచె కదులుతుంది. కంటికి కనబడేదీ చర్మానికి తగిలేదీ ఒక్కటైతే, ఆ ఒళ్లు తనదేనని మెదడు ఒప్పేసుకుంటుంది. తనదనుకున్న ఒంటికోసం అది మళ్లీ పాటుపడుతుందని వాళ్ల ఆశ.

"ఒప్పుకున్నదని మనకు తెలిసేదెట్ల మేడం?" అని శ్రీకర్ ఒకరోజు పొద్దున అడిగాడు. "ఆ ఒళ్లు మీదే అనిపించిందా అంటే అందరూ 'నాదే సార్' అంటున్నరు. క్యాంటీన్ చాయ్ బాగుందా అన్నా అట్లనే అంటరు."

"నర్సాగౌడ్ వచ్చిండా? పద, చూద్దాం," అన్నారామె.

నర్సాగౌడ్ కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డాడు. కాళ్లలో స్పర్శ కొంత మిగిలింది, కదలిక పోయింది. ఎప్పటికైనా మళ్లీ చెట్టెక్కాలని అతని పంతం. ఎవరు నవ్వినా సరే, చక్రాల కుర్చీ వెనక కొత్త మోకు తగిలించుకునే వస్తాడు. ఆ పంతం చూసి ముచ్చటపడి, శ్రీకర్ అతనికోసం కళ్లజోడులో ఒక తాటిచెట్టును నిలబెట్టాడు. మట్టలు పెట్టాడు, కుండలు కట్టాడు, గాలి కూడా వీయించాడు. మోకు మాత్రం పెట్టలేదు. తెగిన మోకును గుర్తుచేసి పుండు మీద కారం చల్లడం ఎందుకనుకున్నాడు.

కళ్లజోడు పెట్టగానే నర్సాగౌడ్ చెట్టును తలెత్తి చూశాడు. అతని చెయ్యి నడుము దగ్గర ఏదో వెతికింది. ఆపైన కాలు కదపాలని చూడనే లేదు.

"ఎక్కు గౌడన్నా. అది బొమ్మ ఒళ్లు. పడ్డా ఏం కాదు."

"బొమ్మనే సార్, నాకు తెల్వదా. మోకు లేకుంట నేనైతే ఎక్క."

శ్రీకర్‌కు ఉక్రోషం వచ్చింది. నెలల తరబడి చేసిన చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది. "చూసిన్రా మేడం, ఈయనకు నమ్మకమే కుదరలే," అన్నాడు.

వకుళాదేవి కుర్చీ వెనకనుంచి మోకు తీసి నర్సాగౌడ్ నడుముకు చుట్టారు. అతనికి ఎదురుగా చెట్టులా నిలబడి, రెండు కొసలూ తన చేతుల్లో పట్టుకుని, "బొమ్మకు కూడా కట్టు," అన్నారు. శ్రీకర్ గొణుక్కుంటూ కంప్యూటర్ ముందు కూర్చుని మోకు గీశాడు. బొమ్మ నడుముకు అది బిగిసిన క్షణానే ఆమె తన చేతిలోని మోకునూ లాగి బిగించారు.

నర్సాగౌడ్ వెనక్కి వాలి, తన బరువంతా మోకు మీద వేసి చూసుకున్నాడు. "ఇగ ఎక్కుత," అన్నాడు. నుదుట చెమట పట్టింది. తొడ తీగలు పసిగట్టిన అదురును కంప్యూటర్ తెర మీద చూపే గీత, ఇన్నాళ్లూ వణుకుతూ పాకినది, నిటారుగా లేచింది. మళ్లీ లేచింది. తీగలేమైనా ఊడాయేమోనని శ్రీకర్ తడిమి చూశాడు. తీగలు బాగానే ఉన్నాయి.

తీగలు వదిలి ఆమె వైపు తిరిగి, "మేడం, నేను పొద్దున అడిగింది..." అన్నాడు.

వకుళాదేవి మోకు కొసలు అతని చేతిలో పెట్టారు.

"గట్టిగ పట్టుకో. పరాయి ఒంటికి మోకు ఎవరడుగుతరయ్యా?"