మజ్జిగ తాగిన కరివేపాకు మొక్క

అడవిలో వాగు మలుపు తిరిగే చోట ప్రతి బుధవారం జంతువుల సంత. కుందేళ్ళు చిలగడదుంపలు తెచ్చేవి, ఎలుగుబంటి తేనె తెచ్చేది, నెమలి తన ఈకలతోనే విసనకర్రలు కట్టి తెచ్చేది. అంత సంతకీ ఉన్నది ఒక్కటంటే ఒక్కటే నేరేడు చెట్టు. దాని నీడలో కూర్చునే భాగ్యం గేదె నీలవేణిది. ఆవిడ మజ్జిగ అలాంటిది మరి! పల్చగా, చల్లగా, ఓ ఉప్పురాయి, ఓ అల్లం ముక్క, అంతే. మోదుగాకు దొప్పలో పోసిస్తే గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకో దొప్ప పొయ్యి" అనకుండా ఎవరూ కదిలేవారు కాదు.

ఆ సంతకో కట్టుబాటు ఉంది. గిరాకీ ఉన్న సరుకుకే నీడ. తెచ్చిన కుండని తెచ్చినట్టే మోసుకుపోయేవాళ్ళు ఎండలోకి జరగాలి. వేసవి ఎండలో పెట్టిన మజ్జిగ సంగతి చెప్పాలా? మధ్యాహ్నానికల్లా పులిసి ఊరుకుంటుంది. నీడ పోయిందంటే నీలవేణి బేరం పోయినట్టే.

ఎండలో కూర్చుని బెల్లం పానకం అమ్మే నక్క జంబయ్యకి ఆ నీడ మీదే కన్ను. ఓ బుధవారం తోక ఊపుకుంటూ వచ్చాడు.

"వేణక్కా, ఓ మాట చెప్తాను, ఏమీ అనుకోకూడదు."

"చెప్పు తమ్ముడూ."

"నీ మజ్జిగ మరీ చప్పగా ఉందట. కాస్త పచ్చిమిరపకాయ తగిలించకూడదూ?"

"అయ్యో, ఎవరన్నారు?"

"ఎవరేమిటక్కా, అందరూనూ!"

అనడం ఆలస్యం, పైన కొమ్మ మీంచి కోతులు అందుకున్నాయి. "కారం కావాలి! నీలవేణి మజ్జిగలో కారం కావాలి!"

నీలవేణిది వెన్నలాంటి మనసు. అడిగితే కాదనలేదు. ఆ వారం రెండు మిరపకాయలు దంచి వేసింది. తర్వాతి వారం గుప్పెడు. ఆపైన మిరియాలు కూడా. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, తలా ఓ దొప్ప పట్టుకుని పక్కకి పోతున్నారు. "బాగుందామ్మా?" అంటే "ఓ, దివ్యంగా ఉంది" అంటున్నారు. కానీ ఇంకో దొప్ప అడిగేవాళ్ళే కరువయ్యారు. కుండ సగం కూడా తగ్గడం లేదు.

"కారం చాలడం లేదక్కా, అదే లోపం," అనేవాడు జంబయ్య.

సంత పెద్ద ఏనుగు వీరభద్రయ్య ఓ సాయంత్రం వచ్చి తొండంతో కుండ ఎత్తి చూశాడు. "అమ్మాయ్, బరువుగానే ఉందే! వచ్చే వారం కూడా ఇంతే అయితే నేనేం చెయ్యలేను. కట్టుబాటు అందరికీ ఒకటే."

"అలాగేనండీ," అంది నీలవేణి.

సంత సద్దుమణుగుతుంటే, కుండ కడుక్కుందామని చెట్టు వెనక్కి వెళ్ళింది. వెళ్ళి అలా నిలబడిపోయింది. ఆ ఎండలకి చుట్టూ పొదలన్నీ చీపురుకట్టల్లా ఎండిపోతే, ఒక్క కరివేపాకు మొక్క మాత్రం తన మెడంత ఎత్తు పెరిగి, లేత చిగుళ్ళేసి నవనవలాడుతోంది. "దీనికి నీళ్ళెవరు పోస్తున్నారబ్బా?" అని ముక్కు ఆనించి చూసింది. మట్టంతా తెల్లగా ఉంది. మట్టిలో మిరప గింజలు!

అదే సమయానికి లేడి చుక్కమ్మ దొప్ప పట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ వచ్చింది. మొక్క మొదట్లో మజ్జిగ ఒంపబోతూ నీలవేణిని చూసి బిగుసుకుపోయింది.

"ఏమ్మా చుక్కమ్మా, బాలేదా?"

"బాగుందత్తా!" అంది లేడి. కళ్ళల్లోంచీ ముక్కులోంచీ కూడా నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇంత బాగుంటే మొక్కకి పోస్తున్నావేం?"

చుక్కమ్మ తల దించేసుకుంది. "నా పిల్ల జ్వరంతో పడుంటే రోజూ మా పొదకొచ్చి మజ్జిగ తాగించావు. బాలేదని నీ మొహం మీద ఎలా అనమంటావత్తా? నేనొక్కదాన్నే కాదు. ఎద్దు మామా, కుందేళ్ళూ, అందరం ఇక్కడికే వస్తాం. కొనకపోతే నువ్వు నొచ్చుకుంటావని కొంటాం. తాగలేక ఇలా..."

నీలవేణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చుక్కమ్మ నుదురు నాలుకతో నిమిరింది. "పిచ్చిదానా! మీ మొహమాటం నా నీడకే ఎసరు పెట్టిందే!"

ఇంటిదారిన నెమరేస్తూ ఒకటే ఆలోచన. అరిచేవాళ్ళు కారం అన్నారు. మంచివాళ్ళు బాగుందన్నారు. ఉన్నదున్నట్టు చెప్పింది ఆ మొక్కొక్కటే. ఇక ఎవర్నీ అడగను, కళ్ళతో చూస్తాను అనుకుంది.

బుధవారం వచ్చింది. నీలవేణి రెండు కుండలు పెట్టింది. ఒకదాంట్లో కారం వెయ్యని పాత రకం మజ్జిగ, ఇంకోదాంట్లో కారం మజ్జిగ. "మీకేది కావాలంటే అది ముంచుకోండర్రా," అని చెప్పి, తను పక్కన కూర్చుని ఊరికే గమనించింది. కారం కుండలో ముంచినవాళ్ళు ఒక గుక్క తాగి మొక్క వైపు నడిచారు. పాత మజ్జిగ రుచి చూసినవాళ్ళు దొప్ప అడుగు నాకి మళ్ళీ వచ్చారు. మరి కోతులో? పొద్దున్నుంచీ "కారం! కారం!" అని అరవడమే గాని ఒక్కటీ కిందికి దిగలేదు. వాటి చేతుల్లో ఉన్నది జంబయ్య పానకం!

"ఓహో, ఇదా సంగతి!" అనుకుంది నీలవేణి.

పొద్దు వాలుతుండగా వీరభద్రయ్య వచ్చాడు. జంబయ్య ఎగిరి ముందుకు దూకాడు. "చూశారా తాతగారూ, కుండ నిండుగా ఉంది! ఆవిణ్ణి ఎండలోకి పంపించండి!"

"ఆ పక్క కుండ అడుగంటింది, అదీ చూడవయ్యా," అన్నాడు ఏనుగు.

నీలవేణి నెమ్మదిగా అంది. "ఈ కారం ఎవరూ రెండోసారి ముంచుకోలేదండీ. పాపం కోతులు ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాయి కదా, వాటికే ఇచ్చేస్తాను, ఊరికేనే. రండి నాన్నా, దిగండి."

"దిగండర్రా!" అన్నాడు వీరభద్రయ్య.

దిగక తప్పలేదు, తాగక తప్పలేదు. ఒక్క గుక్కకే కోతులన్నీ కుయ్యోమంటూ వాగులోకి దూకాయి. "మాకేం తెలీదు బాబోయ్! పానకం ఇస్తానని చెప్పి అరవమన్నది జంబయ్యే!"

"అయితే నీకూ ఓ దొప్ప," అంటూ ఏనుగు తనే పోసి జంబయ్య ముందు పెట్టాడు. తాగిన జంబయ్యకి చెవుల్లోంచి పొగలొచ్చాయి. సంతంతా ఒకటే నవ్వు. నాలుక వేలాడేసుకుని వెళ్ళి తన ఎండలో తను కూలబడ్డాడు.

నీలవేణి నవ్వలేదు. కుండ అడుగున మిగిలిన మంచి మజ్జిగ దొప్పలోకి ఒంపి పట్టుకెళ్ళింది. "తాగు తమ్ముడూ, మంట తగ్గుతుంది."

తల ఎత్తకుండా తాగాడు జంబయ్య. తర్వాత దొప్పని మెల్లిగా ముందుకు జరిపాడు.

"అక్కా... ఇంకొంచెం ఉందా?"

ఎన్ని వారాలైందో ఆ మాట విని! నీలవేణి కళ్ళు చెమర్చాయి. "రేపు చిలికి పంపిస్తాలే," అంది. వెనక నుంచి చుక్కమ్మ అరిచింది: "అత్తా, ఇకనుంచి ఆ మొక్కకి మజ్జిగ దొరకదు. వాగునీళ్ళు నేను పోస్తాలే!"

నీతి: సరుకు ఎలా ఉందో అరిచే నోళ్ళని అడిగి కాదు, రెండోసారి చాచిన దొప్పల్ని చూసి తెలుసుకోవాలి.