అక్క సీసాలో చెల్లి ఈగ

పైడిరాజు మైక్రోస్కోప్ కింద చూసింది ఒక్క మగ ఈగని. అది ఉండకూడని సీసాలో ఉంది.

అరటిపళ్ళు మగ్గితే చుట్టూ ముసురుతాయే, ఆ బుల్లి ఈగలే. వాటిలో రెండు జాతులు ఎంత దగ్గరివంటే, ఆ ల్యాబ్‌లో ఒకదాన్ని అక్క అనీ రెండోదాన్ని చెల్లి అనీ పిలుచుకుంటారు. ఆడవాటిని పక్కపక్కన పెడితే ఏది ఏదో కంటితో చెప్పడం ఎవరి తరమూ కాదు. మగవాటికి మాత్రం పొట్ట చివర చిన్న రేకు ఉంటుంది. అక్క జాతిలో అది సన్నం, చెల్లి జాతిలో వెడల్పు. ఈ ఇద్దరికీ జన్యువుల్లో ఎక్కడెక్కడ తేడా ఉందన్నదే పైడిరాజు పరిశోధన. థీసిస్ బైండింగుకి కూడా వెళ్ళిపోయింది.

ఇప్పుడు అక్క సీసాలో వెడల్పు రేకు మగ ఈగ కనిపించింది.

జాతులు కలిసిపోయాయా? ఎప్పట్నుంచి? ఇన్నేళ్ళూ అక్క అనుకుని నూరి జన్యువులు తీసింది చెల్లి నుంచేనా?

భయపడ్డవాళ్ళు చేసే పనే పైడిరాజూ చేశాడు. ఆ ఈగని కుంచెతో తీసి, పనైపోయిన ఈగల్ని పడేసే స్పిరిట్ సీసాలో వేశాడు. అందులో అప్పటికే వేలకొద్దీ ఉన్నాయి. ఇక బ్రహ్మదేవుడొచ్చినా దాన్ని వెతికి తియ్యలేడు. అయినా భయం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

అన్నం సహించడం మానేసింది. వెనక తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. అక్క సీసా ఉన్న వైపుకి వెళ్ళడానికే కాళ్ళు వచ్చేవి కావు, వెళ్ళి మళ్ళీ చూస్తే ఇంకొకటి కనిపిస్తుందేమోనని. ఇలా కొన్నాళ్ళు పడి, ఇక తట్టుకోలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

ప్రొఫెసర్ సుగుణమణిగారు అప్పుడు రవ్వా బెల్లం ఉడికిస్తున్నారు. ఈగల మేత అది. ఆ పని ఆవిడ ఎవరికీ వదలరు. మేడమ్ చేతి వంటకి నోచుకున్నవి ఈగలు మాత్రమేనని విద్యార్థులు నవ్వుకుంటూ ఉంటారు.

"మేడమ్, ఒక్క ఈగ బయటినుంచి ఎగిరొచ్చి సీసాలో పడే అవకాశం ఉంటాది కదండీ?" అన్నాడు పైడిరాజు.

గరిట ఆగింది. "ఏ సీసా?"

"అక్క సీసా."

"ఆ ఈగేదీ?"

పైడిరాజు చూపు స్పిరిట్ సీసా మీదికి పోయింది. ఆవిడ కూడా అటు చూశారు.

పొయ్యి కట్టేసి వెళ్ళి, అతని అక్క సీసాలోంచి ఒక ఆడ ఈగని గాజు గొట్టంలోకి ఎక్కించారు. దూది బిరడా పెట్టి అతని చేతికిచ్చారు.

"ఇదెవరు? అక్కా, చెల్లా?"

పైడిరాజు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు. "తెలీదు మేడమ్."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"గుడ్లు పెట్టి, కొడుకులు ఎదిగొచ్చాక. వాటి రేకు చూస్తే తెలుస్తాది." గొట్టం కిందికి దించాడు. "వెడల్పుగా ఉంటే నా పని మొత్తం పోతాది మేడమ్. చూడకుండా ఉంటే..."

సుగుణమణిగారు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. గోడవారనున్న తన అర దగ్గరికి నడిచారు. పడుచువయసులో ఆ ల్యాబ్‌కి వచ్చినప్పటినుంచి ఆవిడ తరం తర్వాత తరంగా సాకుతున్న ఈగలు అక్కడున్నాయి. ఆవిడ అచ్చువేయించిన ప్రతి వ్యాసమూ వాటి మీద ఆధారపడిందే.

ముందున్న సీసా తీశారు. 'అక్క' అని అంటించి ఉన్న చీటీని గోటితో గీకి పీకేశారు. ఆ చోట ఒట్టి నెంబరు వేశారు. తర్వాత దాని పక్కది అందుకున్నారు.

పైడిరాజు కంగారుపడ్డాడు. "అవి మీ సీసాలు మేడమ్."

"నీకిచ్చింది వీటిలోంచే కదా. కొడుకుల రేకు చూసేదాకా ఇందులో ఏది అక్కో నాకూ తెలీదు."

ఆవిడ గోటి కింద రెండో చీటీ సగానికి చిరిగిపోయింది. బతికున్న ఈగని రెక్క నలక్కుండా పట్టుకునే వేళ్ళవి.

"మీకు భయం వెయ్యడం లేదా మేడమ్?"

"వేస్తోంది," అన్నారు సుగుణమణిగారు, ఇంకో చీటీ పీకుతూ. "కింది వరస నువ్వు తియ్యి."