దొర గురి

చిదంబరయ్యగారి దగ్గరకు ఎవరైనా కోపంతో వస్తే, ముందు వాళ్ళ ఒళ్ళోకి ఒక చేట చింతపండు వచ్చేది. గింజలు తీయాలి. కోపం గొంతులోంచి వేళ్ళలోకి దిగేదాకా ఆయన నోరు విప్పేవారు కాదు. కోపం తగ్గించుకొమ్మని మాత్రం ఏనాడూ అనలేదు. ఆ మాట చెప్పే గురువులు దేశంలో కావలసినంతమంది ఉన్నారు, వాళ్ళకు పీఠాలూ పల్లకీలూ ఉన్నాయి. ఈయనకున్నది కొండ కింద ఒక రేకుల పాక.

ఆ రోజు చేట ముందు కూర్చున్నవాడు ఓబులేశు. తల్లీ తండ్రీ లేని పిల్లవాణ్ణి ఆ ప్రాంతపు నాయకుడొకాయన చేరదీసి, అన్నం పెట్టి, పట్నంలో పెద్ద చదువు చెప్పించాడు. నాయకుడు ఇప్పుడు మంత్రి. ఆయన మైకు ముందు నిలబడితే ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయని పేరు. ఆ ఉపన్యాసాల్లో ప్రతి అక్షరమూ ఓబులేశు రాసిందే. ఆ సంగతి వాళ్ళిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ పూట గురువుగారికి తెలిసింది.

"జలాశయంలో మునిగిపోయే ఊళ్ళ జనాన్నంతా రేపు మైదానంలో కూర్చోబెడతారు. 'మునిగేది ఊరు కాదు, చీకటి' అని ఈయన అంటాడు. జనం ఏడుస్తారు, చప్పట్లు కొడతారు, సంతకాలు పెట్టి ఇళ్ళకు పోతారు. ఆ మాట రాయాల్సింది నేను! పోరాడేవాళ్ళ నినాదాలు ఏరుకొచ్చి, వాటికే పదును పెట్టి, వాళ్ళ మీదికే విసరాల్సింది నేను!" అన్నాడు ఓబులేశు. "ఆయన ఉప్పు తిన్నాను గురువుగారూ. ఉప్పు తిన్నవాడు తిరగబడవచ్చునా? తిరగబడితే ఎట్లా? పత్రికలకెక్కనా, వేదికెక్కి మైకు లాక్కోనా?"

"గింజలు మిగిలిపోతున్నాయి, చూసి తియ్యి నాయనా," అని, గురువుగారు ఈ ముచ్చట చెప్పారు.

ముచ్చుకోన దొర పరాయి దేశం నుంచి రెండు రైఫిళ్ళు తెప్పించుకున్నాడు. కింద ఉన్న మీటను లాగి మళ్ళీ పైకి నొక్కితే, లోపలున్న తూటా బయటపడి కొత్తది ఎక్కే రకం. జనం వాటిని మీట తుపాకులనేవారు. దొర వేటకు పోతే దుప్పి పడవలసిందే. మేడ గోడల నిండా కొమ్ములు. 'దొర గురి తప్పదు' అన్న మాట ఆ చుట్టుపక్కల సామెతయి కూర్చుంది. గురి తప్పనివాడి చేలో వెట్టికి రానని ఎవడంటాడు? అడవిలో కట్టెపుల్ల ఏరబోయిన చెయ్యి, ఏ గుట్ట మీంచి చూస్తున్నాడోనని వెనక్కి వచ్చేది. భయం కూడా పన్నే. దాన్ని వసూలు చేయడానికి బంట్రోతు కూడా అక్కర్లేదు.

అసలు సంగతేమిటంటే, దొర కంటికి చెట్టు అవతల చెట్టు ఆనదు. ఆయన పక్కనున్న పొదలో బోయ తిప్పన్న రెండో తుపాకితో పడుకునేవాడు. దొర ఎడమ భుజం కాస్త లేచిందంటే వేలు బిగుస్తున్నదని గుర్తు. రెండు తుపాకులూ ఒక్కసారే మోగేవి. కొండ మారుపలికిందనుకునేవారు జనం. ఈ మాట నోటి వెంట రాకూడదని, తిప్పన్న అరచేతిలో ఉప్పు పోసి ఒట్టు వేయించుకున్నాడు దొర. అందుకు ప్రతిఫలం ప్రహరీలోపల ఒక గుడిసె, పూటకింత బియ్యం. ఊరి దృష్టిలో మాత్రం అతను దొర వెంట తూటాలు మోసేవాడు.

"ఏమప్పా తిప్పన్నా, తూటాలు అందిచ్చీ అందిచ్చీ చేతులు కాయలు కాసినాయంట?" అని సుంకులమ్మ బావి దగ్గర ఎగతాళి చేసేది.

"కాసినాయి వదినా. సంతలో అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరు," అని నవ్వేసి కావడి ఎత్తుకునేవాడు తిప్పన్న.

ఒక ఏడు వానల్లేవు. ఊరివాళ్ళ జొన్న నిలువునా ఎండుతుంటే, దొర చెరుకు తోటకు నీళ్ళు మోయమని కబురొచ్చింది. మోసేది లేదన్నారు ఊరివాళ్ళు. అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. దొర మనుషుల్ని తోలలేదు, కేసులు పెట్టలేదు. ఊరినంతా తెల్లారేసరికి వాగు పక్కన గుట్ట మీద నిలబెట్టమన్నాడు. "దుప్పి పడేది కళ్ళారా చూస్తే, కాళ్ళు వాటంతటవే తోటకు నడుస్తాయి," అన్నాడు. తిప్పన్నను పిలిచి, "రేపు ఒక్క దెబ్బకు పడాల. అది పడకపోతే నీ గుడిసె పడతాది," అన్నాడు. గుడిసెలో తిప్పన్న పెళ్ళాం నెలలు నిండి ఉంది.

పొద్దు పొడిచింది. దుప్పి పోతు ఒకటి నీళ్ళకు దిగింది. దొర ఎడమ భుజం లేచింది. తుపాకి మోగింది, ఒక్కటే. అవతల గట్టున దుమ్ము లేచింది. మోత ఎటునుంచి వచ్చిందో తేల్చుకోలేక దుప్పి తలెత్తి నిలబడింది. దొర గబగబా మీట లాగి మళ్ళీ కాల్చాడు. ఒక బండ పెచ్చు ఊడింది.

అప్పుడు పొదలోంచి చప్పుడు వచ్చింది. మీట కిందికి, మీట పైకి. మోత మాత్రం లేదు. కాలని తూటా ఒకటి బండ మీద ఖణేల్మని పడి దొర్లింది. మళ్ళీ మీట, మళ్ళీ తూటా. తుపాకి కడుపు ఖాళీ అయ్యేదాకా తిప్పన్న తీరిగ్గా ఒక్కొక్కటే కింద పోశాడు. లేచి నిలబడలేదు, కేక వేయలేదు.

జనం దొరను చూశారు. పొదను చూశారు. ఆపైన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ ఎవరి గురికి దండం పెట్టారో అందరికీ ఒక్కసారే తెలిసింది.

"ఇంకోతూరి కాల్చు దొరా!" అని గుట్ట మీంచి సుంకులమ్మ గొంతు వినబడింది. "పాపం, దుప్పి నీ కోసరమే నిలబడుండాది!"

ముందు ఎవరో ఒక్కరు నవ్వారు. తర్వాత గుట్టంతా నవ్వింది. ఆ నవ్వుకు బెదిరి దుప్పి అడవిలోకి దూకింది.

దొర పొద మీదికి వచ్చాడు. "ఉప్పు తిన్న విశ్వాసం లేదేంట్రా కుక్కా!"

"ఒట్టేసింది నోరు సామీ," అన్నాడు తిప్పన్న. "నోరు మూసుకొనే ఉండా."

ఆ తుపాకి మడమతోనే అతని కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టించాడు దొర. గుడిసె అన్నట్టే పడింది. బిడ్డ సుంకులమ్మ పంచలో పుట్టింది. చెరుకు తోటకు మాత్రం ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఎవరూ పోలేదు.

ఓబులేశు చేతిలో చింతపండు ముద్దయిపోయింది. "అన్ని తూటాలున్నాయి కదా గురువుగారూ! దొర పక్కనే ఉన్నాడు కదా! వేళ్ళు విరగ్గొట్టించుకునేదాకా ఎందుకు? తుపాకి కాస్త అటు తిప్పితే సరిపోయేది!"

"దొర చచ్చేవాడు," అన్నారు చిదంబరయ్యగారు. "దొర గురి బతికుండేది."

చేటలో తీయాల్సిన గింజలింకేమీ మిగల్లేదు. గురువుగారు చింతపండును కుండలోకి ఎత్తి, మూత పెట్టి, చేతులు కడుక్కున్నారు.

"రేపటి సభకు నేనూ వస్తాను నాయనా. మీ మంత్రిగారు తన సొంత మాట మాట్లాడగా ఇంతవరకూ ఎవరూ వినలేదు కదా."