పుక్కిట నీళ్ళు

దొరబాబు రాసిన మాడ్యూల్‌ని సుభద్రమ్మగారు మూడోసారి కూడా వెనక్కి పంపారు. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆవిడ సుభద్రమ్మగారెందుకవుతారు?

కాకినాడలో ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసు అది. మొత్తం పదకొండుమంది. సుభద్రమ్మగారికి ఆ పనిలో ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం, మిగతావాళ్ళంతా ఆవిడ దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళే. ఒకసారి రాసిపెడితే ఎవరి ప్రోగ్రాంలోకైనా తీసి తగిలించుకునే ముక్కల్ని మాడ్యూళ్ళంటారు. అలాంటివాటిలో తనకి నచ్చినవాటిని ఆవిడ తన చేత్తో, అందరూ వాడుకునే కామన్ లైబ్రరీలో పెడతారు. ఆవిడ పెట్టారంటే ఇక దానికి తిరుగులేదని అందరికీ నమ్మకం. నాలుగేళ్ళయినా దొరబాబు ముక్క ఒక్కటీ అందులోకి ఎక్కలేదు.

ఇది మాత్రం ఎక్కాల్సిందే. పుట్టిన తేదీ ఇస్తే ఇవాళ్టికి ఎన్ని రోజులయిందో లెక్కకట్టి చెబుతుంది. కంటి ఆస్పత్రి ప్రోగ్రాంలో ఏడాదిగా ఒక్కరోజూ మొరాయించలేదు. అదీ తిరిగొచ్చేసరికి దొరబాబుకి కోపం నషాళానికంటింది. ఈసారి కాదంటే ఉద్యోగం మానేస్తానని ఇంట్లో చెప్పి మరీ వచ్చి, ఆవిడ గదిలోకి వెళ్ళాడు.

“రెండొందల పరీక్షలు పెట్టానండీ. ఒక్కటీ తప్పలేదు.”

“ఆ పరీక్షలు ఎవరు రాశారు?”

“నేనేనండీ.”

ప్రశ్నపత్రం తనదే, జవాబులూ తనవే. ఇక తప్పడమేమిటి, నా మొహం! ఆవిడ మాత్రం ఆ మాట అనలేదు.

“దాన్నెలా వాడాలో ఎవరికైనా తెలుసా?”

“అందరూ నన్నే అడుగుతారండీ. పక్కన కూచుని నేనే చూపిస్తాను.” కాస్త గర్వంగానే అన్నాడు.

సుభద్రమ్మగారు లేచి, బల్లమీదున్న నీళ్ళ సీసా అతని చేతికిచ్చారు.

“మొన్న చేరిన షాహీనా పిల్లల ఆస్పత్రి టీకాల జాబితా మొదలుపెడుతోంది. నీ మాడ్యూల్ వాడమన్నాను. పక్కన కూచో. పుక్కిట నీళ్ళు పట్టుకుని కూచో.”

“నీళ్ళా అండీ?”

“నోరు విప్పకూడదు. విప్పాలనిపించినప్పుడల్లా మింగు. మింగాక మళ్ళీ నింపుకో.”

ఇదేం చోద్యం అనుకున్నాడు. అయినా గురువు మాటాయె. బుగ్గలు పూరించుకుని వెళ్ళి షాహీనా పక్కన కూచున్నాడు.

“పన్ను నొప్పా అండీ?” అంది ఆ అమ్మాయి జాలిగా.

దొరబాబు పైకప్పు వంక చూశాడు.

షాహీనా పని మొదలుపెట్టింది. మన దగ్గర అందరూ రాసినట్టే ముందు రోజు, తర్వాత నెల రాసింది. ఈ మాడ్యూల్‌కి ముందు నెల కావాలి, కంటి ఆస్పత్రి ఫారాల్లో అలా ఉండేది మరి. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. దొరబాబుకి తెలుసు, అంతే. గుటుక్కున మింగి మళ్ళీ నింపుకున్నాడు. ఆ అమ్మాయి అరగంట తంటాలు పడి తనే కనిపెట్టింది. ఇంకోచోట ఇంకేదో అడ్డం పడింది. మళ్ళీ గుటుక్కు. మధ్యాహ్నమయ్యేసరికి సీసా సగమయింది, దొరబాబు కుర్చీలో కుదురుగా కూచోలేకపోతున్నాడు.

సుభద్రమ్మగారు ఇచ్చిన కాగితంలో పదిమంది పిల్లలున్నారు. ముగ్గురికి రోజుల లెక్క సున్నా వచ్చింది. అందులో ఒక పాపకి అసలు పుట్టిన తేదీయే రాసి లేదు.

“ఓహో, తేదీ లేకపోతే సున్నా ఇస్తుందన్నమాట,” అంది షాహీనా తనలో తను. నిజమే, దొరబాబు అలాగే రాశాడు. “అయితే సున్నా వచ్చినవాళ్ళని తీసేస్తే సరి.”

తీసేసింది. తెరమీద ఏడు పేర్లు మిగిలాయి.

దొరబాబు కాగితం వంక చూశాడు. మిగతా ఇద్దరికీ తేదీ ఉంది. ఇవాళ్టి తేదీ. పొద్దున్నే పుట్టిన కవలలు, వయసు సున్నా రోజులు. పుట్టిన రోజే వెయ్యాల్సిన టీకా ఒకటుంది, వాళ్ళిద్దరికీ అది ఇవాళే వెయ్యాలి. కంటి ఆస్పత్రికి పుట్టిన రోజునే శుక్లాలు తీయించుకోడానికి ఎవరొస్తారు? అందుకే ఏడాదిగా తప్పు బయటపడలేదు.

మింగలేక కక్కలేక అతను గిలగిల్లాడుతుంటే షాహీనా “అయిపోయింది మేడమ్!” అంటూ సంతోషంగా లేచింది. ఇక ఆగలేకపోయాడు. నోట్లో నీళ్ళన్నీ కీబోర్డు మీద పడ్డాయి.

“కవలలు లేరు! జాబితాలో కవలలు లేరు!”

సుభద్రమ్మగారు గుడ్డ తెచ్చి నిదానంగా కీబోర్డు తుడిచారు. కాగితంలోని పిల్లలు ఆవిడ కల్పించినవాళ్ళే.

“ఇక్కడ కాబట్టి పక్కన నువ్వున్నావు నాయనా,” అన్నారావిడ, గుడ్డ పిండుకుంటూ.

దొరబాబుకి తల తీసేసినట్టయింది. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆరు రోజులు పట్టింది. ఉన్నదాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒకటి తేదీ సరైనదో కాదో చూస్తుంది, రెండోది రోజులు లెక్కపెడుతుంది. రోజు ముందా నెల ముందా అన్న తగాదా లేకుండా నెల పేరు అక్షరాల్లోనే అడుగుతుంది. తేదీ లేకపోతే సున్నా ఇవ్వదు, “పుట్టిన తేదీ రాయలేదు” అని చెప్పి ఆగిపోతుంది. ఎలా వాడాలో పైనే పది వాక్యాల్లో రాశాడు. పరీక్షలు మాత్రం తను రాయలేదు, షాహీనాని బతిమాలుకున్నాడు. ఆ అమ్మాయి కనికరం లేకుండా ఫిబ్రవరి ముప్ఫయ్యో తేదీ ఇచ్చింది, రేపు పుట్టబోయే బిడ్డనిచ్చింది. నాలుగుసార్లు తప్పింది, నాలుగుసార్లూ బాగుచేశాడు. ఎందుకో తప్పినప్పుడల్లా హుషారొచ్చేది.

ఏడో రోజు పొద్దున్న సుభద్రమ్మగారు దాన్ని సాలూరు ఆస్పత్రిలో ప్రోగ్రాంలు రాసే రామతులసి అనే అమ్మాయికి పంపారు. ఆమెని దొరబాబు ఎన్నడూ చూళ్ళేదు. అర్థం కాకపోతే అడగమని ఇతని ఫోను నంబరు మాత్రం ఇచ్చారు.

దొరబాబు ఫోను బల్లమీద పెట్టుకుని కూచున్నాడు. పదయింది. పన్నెండయింది. భోజనానికి లేవలేదు. పాడయిందేమోనని షాహీనా చేత ఒకసారి చేయించుకుని చూశాడు, బాగానే మోగింది. మూడయింది.

నాలుగింటికి రామతులసి నుంచి సుభద్రమ్మగారికి టీకాల జాబితా వచ్చింది. ఆవిడ దొరబాబుని పిలిచి తెర చూపించారు. ఆ రోజే పుట్టిన పిల్లలు ముగ్గురూ అందరికంటే పైన ఉన్నారు. తేదీ లేని బాబు పేరు పక్కన “తల్లిని అడగాలి” అని రాసి ఉంది.

“నీకేమైనా ఫోను చేసిందా?”

“లేదండీ!” అన్నాడు, మొహమంతా నవ్వు చేసుకుని.

సుభద్రమ్మగారు మాడ్యూల్‌ని కామన్ లైబ్రరీలో పెట్టారు. తర్వాత ఫోను అందుకుని అడిగారు:

“ఇది రాసింది నువ్వని ఆ అమ్మాయికి చెప్పనా?”

“ఎందుకులెండి,” అన్నాడు దొరబాబు. “పాపం, పనిలో ఉంది.”